డ్రైవరు వైపు తలుపు

మెకానిక్ పది గంటలకి వస్తానన్నాడు. ఆ లోపల ఒక్కసారి అక్క కారులో కూర్చోవాలి, అక్క వదిలిపెట్టినట్టే ఉండగా. నా కోరిక అంతే. పది దాటితే అతను బండిని బతికించి తమ్ముడింటికి తోలుకుపోతాడు. ఆ తర్వాత అందులో తమ్ముడి పిల్లల బిస్కెట్ల పొడి తప్ప ఏమీ మిగలదు. వాణ్ణి తప్పు పట్టను. అక్క పోయినప్పటి నుంచి బండి కదల్లేదు. నాకు డ్రైవింగ్ రాదు. ఉంచుకుని ఏం చేస్తావని వాడు అడిగితే సరే, తీసుకుపొమ్మన్నాను.

రిమోట్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గట్టిగా నొక్కితే వినబడుతుందేమోనని ఇంకా గట్టిగా నొక్కాను. మా అక్కా అంతే, పలకదలుచుకోకపోతే ఎంత పిలిచినా పలికేది కాదు. చివరికి మెకానిక్‌కే ఫోన్ చేశాను.

"కారు బ్యాటరీ చచ్చిపోతే రిమోట్ పని చెయ్యదమ్మా. దాని పక్కన చిన్న మీట ఉంటుంది చూడండి. అది నొక్కి లాగితే లోపల్నుంచి ఇనప తాళంచెవి వస్తుంది."

వచ్చింది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని కూర్చుంది, దొంగది.

"ఇప్పుడు డ్రైవరు తలుపు పిడి దగ్గర ప్లాస్టిక్ మూత తియ్యండి. దాని వెనకే కన్నం. ఆ ఒక్క తలుపుకే ఉంటుంది, మిగతావి లోపల్నుంచి తీసుకోవాలి."

"వెనక తలుపుకి లేదా?"

"వెనక కూర్చునేవాళ్ళకి తాళంతో పనేముందమ్మా," అని నవ్వాడు.

నేను వెనక కూర్చునేదాన్నే. అక్క ఇంటింటికీ తిరిగి రక్తం తీసి ల్యాబ్‌కి చేర్చేది. ఆ సీసాలుండే ఐసు పెట్టె ముందు సీట్లో బెల్టు కట్టుకుని మహారాణిలా కూర్చునేది. దాని వెనక సీటు నాది. నేను కర్టెన్లు కుడతాను. అంచులు చేత్తో కుట్టే పని ఎక్కడైనా అవుతుంది కాబట్టి, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని రోజూ తనతో పోయేదాన్ని. తను మేడలెక్కి దిగుతుంటే నేను కారులో కుట్టుకునేదాన్ని. ఇద్దరం పెళ్ళి జోలికి పోలేదు. మూడో మనిషి వస్తే ఐసు పెట్టెని ఎక్కడ కూర్చోబెడతామే, అనేది అక్క.

కత్తెర మొనతో మూత ఊడదీశాను. పెయింటు గీసుకుపోయింది. తమ్ముడు గొణుగుతాడు, గొణగనీ. తాళంచెవి మొదట మొరాయించింది, రెండోసారికి టక్కుమంది.

అక్క సీట్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. తను పొట్టిది, స్టీరింగ్‌కి అతుక్కుపోయినట్టు కూర్చునేది. నేనేమో తాడిచెట్టుని. మోకాళ్ళు మడిచి, తల వంచి ఎలాగో ఇరుక్కున్నాను. సీటు వెనక్కి జరిపే మీట కింద ఉందని తెలుసు కానీ చెయ్యి రాలేదు. స్పిరిటు వాసన ఇంకా ఉంది. అందులో కొంచెం అక్క తలనూనె వాసన కూడా. ఇక చెయ్యి వెనక్కి చాపి వెనక తలుపు తీసుకుని, నా చోట్లోకి నేను పోదామనుకున్నాను.

లోపలి అద్దంలో వెనక సీటు పరుపు కనబడింది. నా ఎత్తుకి అలా ఉందేమోనని కిందికి జారి, అక్క ఎత్తుకి వచ్చి చూశాను. ఇప్పుడైనా వెనక వీధి కనబడాలి కదా. కనబడలేదు. నేను కూర్చునే చోటు కనబడింది, తల ఆనించి ఆనించి నల్లబడిన మరకతో సహా.

అక్క మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "మెడ ఎత్తవే, పట్టేస్తుంది." "కళ్ళజోడు ఏదీ?" "ఎవరి మీద కోపమే, సూది అలా పొడుస్తున్నావు?" ఇవన్నీ వెనక్కి తిరగకుండానే అనేది. దీనికి వీపుకి కూడా కళ్ళున్నాయి అనుకునేదాన్ని. వెనకొచ్చే లారీలని బయటి అద్దాల్లో చూసుకుని నడిపిందన్నమాట ఇన్నేళ్ళూ. ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నేను దెబ్బలాడేదాన్ని, అదీ నిజమే.

ఇప్పుడు నేను తిన్నానా, కళ్ళజోడు పెట్టుకున్నానా అని అడిగే మనిషి లేదు. పోను పోను అలవాటవుతుందని అందరూ చెప్పారు. నాకు కాలేదు.

మెకానిక్ చెప్పిన టైముకే వచ్చాడు. ఈ జాతి జన్మకోసారి వేళకి వస్తుంది, అది ఇవాళే కావాలా. నేను దిగాను. అతను తన బండి నుంచి రెండు తీగలు తగిలించి, కారు స్టార్ట్ చేసి, తీగలు విప్పి, లోపల కూర్చున్నాడు. సీటు కర్రుమని వెనక్కి జరిగింది. చెయ్యి అద్దం మీదికి పోయింది.

"అద్దం అలాగే ఉండనీ బాబూ."

"ఇలా ఉంటే వెనక బండ్లు కనబడవు కదమ్మా. ఎవరినైనా గుద్దుతాం."

న్యాయమే. అతను చెయ్యి తీసేసి, నేను ఏమంటానోనని ఆగాడు. మర్యాదస్తుడు.

"సరే, తిప్పు," అన్నాను.

ఒక్క వేలితో తిప్పాడు. అంత తేలిగ్గా తిరుగుతుందని నాకు తెలీదు.

"మీ తమ్ముడిగారింటి దాకా వస్తారా? నా బండి కోసం ఎలాగూ తిరిగి రావాలి, ఆటోలో నేనే దింపేస్తాను."

వస్తానన్నాను. వెనక నా చోట్లో కూర్చున్నాను. ఒళ్ళో గుడ్డ లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. మలుపు తిరగ్గానే బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దభీమని దిగింది. నా తల కిటికీకి ఠంగున కొట్టుకుంది.

అది మా వీధి స్పీడ్ బ్రేకరే. రోజూ తెల్లారకుండా దాని మీదుగానే పోయేవాళ్ళం. అక్కడికొచ్చేసరికి నేను కునుకు తీస్తుండేదాన్ని. అక్క నడిపినన్నాళ్ళూ ఒక్కసారి కూడా తల తగల్లేదు.

"పడుకున్నారా అమ్మా? నేను చూడలేదు," అన్నాడు అతను.

"ఫర్వాలేదు, నువ్వు రోడ్డు చూసుకో," అన్నాను. ఆ తర్వాత ఏడ్చాను. అద్దంలో చూసేవాళ్ళు లేరు కాబట్టి మొహం దాచుకోకుండానే ఏడ్చాను.