గీజరులో గార

మా లాడ్జిలో దిగిన ఉచ్చీరప్ప బకెట్టు తెచ్చి నా బల్ల మీదే పెట్టాడు. తల మీద సీకాయ నురగ ఇంకా అట్లాగే ఉంది, నడుముకు తడి తువ్వాలు.

"ఏమప్పా మేనేజరూ, ఇవి నీళ్లా గంజా? సెయ్యి పెట్టి సూడు."

పెట్టి చూశాను. గోరువెచ్చని నీళ్లలో తెల్లటి పెచ్చులు చేప పొలుసుల్లాగా తిరుగుతున్నాయి. ఒక పెచ్చుకు ఎవరిదో పొడుగు వెంట్రుక చుట్టుకొని ఉంది. వేళ్ల మధ్య నలిపితే కరకరమంది.

"నోట్లో పోసుకొని పుక్కిలించినా. పండ్ల కింద ఇసకే ఇసక. ఈరన్న సామి దగ్గరికి పొయ్యే నోరప్పా ఇది! థూ!"

ఆ ఉమ్మింది కూడా నా బల్ల పక్కనే.

అది ఎనభైమూడో సంవత్సరం శ్రావణమాసం. ఆదోని బస్టాండు వెనక శేషప్ప నడిపే లాడ్జికి నేను మేనేజరుని. మాది నందవరం పక్క పల్లె. మా వంశంలో డిగ్రీ పట్టుకున్నవాడిని నేనే మొదలు. బీయెస్సీ, కెమిస్ట్రీ. గవర్నమెంటు ఉద్యోగం వచ్చేదాకా అని ఆ బల్ల వెనక కూర్చున్నాను. శ్రావణమాసం వస్తే ఉరుకుంద ఈరన్న జాతరకు పోయేవాళ్లతో లాడ్జి నిండిపోయేది. తెల్లవారకముందే తలస్నానాలు చేసి మొదటి బస్సు పట్టుకునేవారు. మధ్యాహ్నానికి దర్శనం చేసుకొని వచ్చి మా మెస్సులో ఓళిగలతో, అంటే బొబ్బట్లతో, భోజనం చేసేవారు.

వేడినీళ్లకు శేషప్ప కిందటి సంవత్సరం కొత్తరకం గీజరు పెట్టించాడు. దాంట్లో తొట్టి ఉండదు. గోడకు బిగించిన చిన్న పెట్టె, లోపల ఒక చుట్టలు తిరిగిన రాగి గొట్టం. నీళ్లు ఆ గొట్టంలో పోతూ పోతూ కాగి బయటికి రావాలి. కట్టెల పొయ్యి మానేశామని శేషప్ప ఊరంతా చెప్పుకున్నాడు. కానీ మా బోరు నీళ్ల సంగతి ఆదోనిలో అందరికీ తెలుసు. కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. ఆ నీళ్లలోని సున్నం వేడికి గొట్టానికి పట్టుకొని, పంటి గారలాగా పొర మీద పొర కట్టింది. ఏడాది తిరిగేసరికి నీళ్లు సన్నగా, సగం వేడితో, పెచ్చులతో రావడం మొదలుపెట్టాయి.

జనం బస్సెక్కిపోయాక స్నానాల గదిలోకి గీజరు విప్పడానికి పోయాను. మొదట ఫ్యూజు పీకేశాను. నీళ్లు వచ్చే వాల్వు కట్టేశాను. బయటికి వచ్చే గొట్టం నట్టు తిప్పగానే బూడిదరంగు బురద నా ముంజేతి మీదుగా మోచేతి దాకా కారింది. జిగురుగా ఉంది. పాడుబడిన బావి వాసన. ఈ నీళ్లనేనా ఇంతమంది నెత్తిన పోసుకుంటున్నది అనిపించింది.

"ఏం సారూ, అంత సదువు సదివి కక్కూసు ముందర నట్లు తిప్పుతాండావు?"

హులిగమ్మ. మా లాడ్జి మరుగుదొడ్లు, స్నానాల గది కడిగే మనిషి. వెనక సందులోంచి వచ్చేది. ఆమె లోపలికి వచ్చిందంటే, వసారా వైపు తలుపుకు శేషప్ప తన చేత్తోనే బయటినుంచి గడియ పెట్టేవాడు. దేవుని దర్శనానికి వచ్చినవాళ్లకు ఆమె ఎదురుపడకూడదని ఆ ఏర్పాటు. పని ముగించి ఆమె సందులో వెళ్లిపోయాక గడియ తీసేవాడు. వేరేవాళ్లను తీయనిచ్చేవాడు కాదు.

"నీళ్లు కాగడంలేదు హులిగమ్మా," అన్నాను.

"కాగుతాయో లేదో నాకేం తెల్సు సారూ. నన్ను కడిగేదానికి పిలిసినారు గాని, పోసుకునేదానికి ఎప్పుడన్నా పిలిసినారా?" అని నవ్వింది. నేల మీద తెల్లగా బ్లీచింగ్ పౌడరు పరిచినట్టే చల్లింది. జాతర రోజుల్లో వాంతులు భేదులు రాకుండా లాడ్జీలన్నిట్లో చల్లమని మునిసిపాలిటీవాళ్లు చెప్పిపోయారు.

శేషప్ప వసారాలో నిలబడి అడిగాడు. "ఎంతసేపప్పా? సాయంత్రం బస్సులకు మద్దికెరోళ్లు దిగుతారు."

"నిమ్మ ఉప్పు కావాలన్నా. సోడా అంగట్లో ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపి గొట్టంలో నింపి ఒక పూట నానబెడితే గార కరుగుతుంది. తరువాత బాగా మంచినీళ్లు వదిలి కడగాలి."

"ఒక పూటా? కక్కూసు యాసిడ్ ఉండ్లా ఈడ? పోస్తే సిటికెలో కరుగుతాదని సామాన్ల అంగడాయప్ప సెప్పె."

"వద్దన్నా. ఆ యాసిడ్ సున్నానికి తగిలితే బుస్సుమని పొంగి పోసినవాళ్ల మీదికే చిమ్ముతుంది. పైగా నేలంతా బ్లీచింగ్ ఉంది. యాసిడ్ దాని మీద పడితే విషపు గాలి వస్తుంది. ఊపిరి ఆడదు. మనిషి చచ్చిపోవచ్చు."

"అబ్బో! బీయెస్సీ మాట్లాడుతాంది రా!" అని పగలబడి నవ్వాడు. "సరే, పో. తెచ్చుకో పో నీ నిమ్మకాయ."

పోయేముందు హులిగమ్మకు కూడా చెప్పాను. "నేను తిరిగొచ్చేదాకా ఆ యాసిడ్ సీసా ముట్టుకోవద్దు. వింటివా?"

"నువ్వు సెప్తే ముట్టను. ఆయప్ప ముట్టమంటే?"

తొందరగా పోయి తొందరగా రావాలనుకున్నాను. సోడా బసన్న అంగడికి తాళం. ఇంటికి పోయి పిలుచుకొచ్చి, నిమ్మ ఉప్పు పొట్లం కట్టించుకొని వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది.

లాడ్జి మెట్లు ఎక్కుతుంటేనే ముక్కులో సూది గుచ్చినట్టయింది. నెయ్యి వాసన, ఓళిగల వాసన, వాటి కిందుగా ఆ ఘాటు. మెస్సులో విస్తళ్ల ముందు జనం బారుగా కూర్చున్నారు. ఉరుకుంద పోయి వచ్చిన ఉచ్చీరప్ప నుదుట విభూతితో ముందు వరసలో ఉన్నాడు. శేషప్ప వంగి వంగి అందరికీ తానే నెయ్యి వడ్డిస్తున్నాడు. వసారా చివరి తలుపు లోపలినుంచి ఎవరో బాదుతున్నారు.

"అన్నా, ఏమిటా చప్పుడు?"

"హులిగి. పనయిపోయినట్టుంది."

"యాసిడ్ పోయించినారా?"

"పోయించినా. రబ్బరు పైపు తగిలించి, గరాటు పట్టుకోని పొయ్యమంటి. నువ్వు నిమ్మకాయ తెచ్చేలోపల పని అయిపాయె." నెయ్యి ధార తెగకుండానే చెప్పాడు.

"తలుపు బాదుతోంది కదన్నా! తీయండి!"

"గట్టిగా అరవద్దు. జనాలు తింటాండారు. విస్తర్లు ఎత్తినాంక తీద్దాం. అన్నాల ముందర దాన్ని తియ్యాల్నా?"

"సందు తలుపులో పోవచ్చు గదప్పా ఆయమ్మ," అన్నాడు ఉచ్చీరప్ప, ఓళిగ తుంచుతూ.

సందు తలుపు ఆ చివర. గీజరు మధ్యలో. విషపు గాలి పుట్టింది ఆ గీజరు కిందే. ఇదంతా వాళ్లకు చెప్పే పొద్దు లేదు. బాదుడు నెమ్మదించింది. తరువాత ఒక్కటి వినిపించింది. తరువాత అదీ లేదు.

నేను పరుగెత్తాను. శేషప్ప నా చొక్కా పట్టుకున్నాడు. "నేను తీయకుండా ఎవరూ తీసేది లేదు!" చొక్కా చినిగింది. గిన్నెలో నెయ్యి ఇద్దరి కాళ్ల మీదా ఒలికింది. తువ్వాలు నీళ్లలో ముంచి ముక్కుకు కట్టుకొని గడియ లాగాను.

గడప మీదే పడి ఉంది హులిగమ్మ. గరాటు ఇంకా చేతిలోనే ఉంది. చేతి మీద, మెడ మీద యాసిడ్ చిమ్మిన చోట్ల ఎర్రగా కందిపోయింది. కళ్లు మూసుకుపోయి నీళ్లు కారుతున్నాయి. నోటినుంచి నురగ. ఆమె వెనక నేల మీద పసుపు పచ్చగా పొగ మోకాలెత్తున ఆడుతోంది. బండల మీద యాసిడ్ ఇంకా బుసబుసమంటోంది. నా కళ్లు భగ్గుమన్నాయి. ఆమె చంకల కింద చేతులు వేసి వసారాలోకి ఈడ్చి, తలుపు మూశాను. గాలి కావాలంటే వీధిలోకి తీసుకుపోవాలి. వీధికి దారి మెస్సులోంచే.

"ఏయ్! ఏయ్! అన్నాల్లోకి తెస్తాండావేంది రా!"

విస్తళ్ల ముందునుంచి అందరూ ఒక్కసారే లేచారు. పిల్లలను చంకకెత్తుకొని గోడకు అతుక్కున్నారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "నీళ్లియ్యండి, కళ్లు కడగాలి," అన్నాను. చేతిలో చెంబు ఉన్నాయన చెంబును వెనక్కి దాచుకున్నాడు. వెనక్కి దాచుకున్నాడు! ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లముందు ఉంది, వేళ్లకు బెల్లం పాకం, నెయ్యి.

తాగే నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి, బిందె ముంచి, వీధి మెట్ల మీద ఆమె కళ్ల మీద, మెడ మీద పోశాను. మళ్లీ ముంచాను, మళ్లీ పోశాను. ఆమె దగ్గింది. ఆ దగ్గు విని నాకు ప్రాణం వచ్చింది.

"డ్రమ్ము ముట్టుకున్యాడు! నీళ్లన్నీ పాయె!" అని లోపల ఎవరో అరిచారు.

"అందరం మళ్లా తలకు పోసుకోవల్ల," అన్నాడు ఉచ్చీరప్ప. వాంతి వచ్చినవాడిలాగా ముఖం పెట్టి శేషప్పను అడిగాడు. "వేడినీళ్లు వస్తాయా ఇప్పుడు? ఆయమ్మ బాగు సేసిందంటివి గదా?"

ఆమె ఊపిరి తీసి కడిగిన గొట్టంలోంచి నీళ్లు కావాలట, ఆమె మైల పోగొట్టుకోవడానికి.

"ఆ గొట్టం నిండా కక్కూసు యాసిడ్ ఉంది. పోసుకుంటే తోలు ఊడుతుంది. ఆ గదిలోకి ఎవరూ పోవద్దు, గాలి పోయేదాకా," అని చెప్పాను. చెప్పకపోతే పోసుకునేవాళ్లే. అసహ్యం ఉన్నా చెప్పక తప్పుతుందా?

జట్కా ఓబన్న ఎదురుగా చెట్టుకింద ఉన్నాడు. ఏమీ అడగకుండా హులిగమ్మ కాళ్లు పట్టి ఎక్కించాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తలుపు ఇంకొంచెం ఆలస్యంగా తీసి ఉంటే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. ఆమె కూతురు మల్లమ్మ పరుగెత్తుకొచ్చి, ఎవరినీ తిట్టకుండా తల్లి అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది.

మరునాడు సందు వైపు తలుపు బార్లా తెరిచి, గాలి ఆడనిచ్చి, గీజరు పని నేనే ముగించాను. ముందు నీళ్లు వదులుతూనే ఉండి యాసిడంతా పోగొట్టాను. తరువాత నిమ్మ ఉప్పు నీళ్లు నింపి నానబెట్టాను. మిగిలిన గార చీములాగా, తెల్లని ముద్దలుగా బయటికొచ్చింది. మళ్లీ మంచినీళ్లు వదిలి, నట్లు బిగించి, అప్పుడు ఫ్యూజు పెట్టాను. నీళ్లు తేటగా, పొగలు కక్కుతూ వచ్చాయి.

పోసుకోవడానికి మాత్రం వీలు లేకుండా పోయింది. హులిగమ్మ మంచం మీద ఉంది. ఆమె వీధినుంచి ఇంకెవరూ మా లాడ్జి పనికి రాలేదు. శేషప్ప ఎంతమందికి కబురు పెట్టినా రాలేదు. జాతర జనం దిగుతూనే ఉన్నారు. మూడు రోజులకే మరుగుదొడ్లు పొంగి మలం గడపలు దాటి, గీజరు గదిలోకి, వసారాలోకి వచ్చింది. ఈగలు నల్లగా ముసిరాయి. సందులోంచి పందులు జొరబడ్డాయి. ఓళిగల మీద ఈగలు, నెయ్యి మీద ఈగలు. ఉచ్చీరప్ప మూట కట్టుకొని, "ఇది లాడ్జినా, దిబ్బనా?" అని వెళ్లిపోయాడు. అతను దాటిపోయిన దాంట్లో అతనిదీ ఉంది. ఆ మాట ఎవరికీ తట్టలేదు.

"కృష్ణప్పా, నువ్వు పోయి పిలుసుకొని రాప్పా. నీ మాట వింటాది," అన్నాడు శేషప్ప నాతో.

"మీరే రండన్నా. గడియ పెట్టింది మీరు."

నన్ను తిట్టాడు. పనిలోంచి పొమ్మన్నాడు. సాయంత్రానికి మెస్సు వంటమనిషి కూడా మానుకున్నాక, చెప్పులేసుకొని నాతో బయలుదేరాడు.

హులిగమ్మ ఇంటి ముందర నులకమంచం మీద కూర్చొని ఉంది. మెడ మీద మందు పూసిన మచ్చలు. శేషప్ప ఇంకా దూరంగానే నిలబడి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం హులిగీ, బాగుండావా?"

"ఉండా సామీ. సావలేదు." గొంతు గరగరలాడింది. "గట్టిగా మాట్లాడు, రుమాలులో మాట ఇనపడదు."

"పనికి ఎప్పుడొస్తావు? జనాలు తిట్టి పోతాండారు."

"గడియ పీకించు. వస్తా."

"అట్లెట్లయితాది? జనాలు అన్నాలు తింటా ఉంటారు గదా."

"తిననీ సామీ. నేనేమన్నా వాళ్ల విస్తట్లో సెయ్యి పెడతానంటినా? లోపలుండేది నేను. గడియ నీ సేతిలో ఎందుకు?" దగ్గు వచ్చింది. మల్లమ్మ రొట్టె తట్టడం ఆపి నీళ్లు అందించింది. తాగి, నావైపు చూసింది. "ఇంగోటి. ఆ గొట్టంలో పోసే పని నాది గాదు. ఆ సారు సదువుకున్యాడు గదా, ఆయప్పను సేసుకోమను."

"నేనే చేస్తాను," అన్నాను.

"సరేలే, పీకిస్తాలే," అన్నాడు శేషప్ప నేల చూస్తూ.

"పీకించినాంక కబురు పంపు సామీ. సారు వచ్చి సెప్పల్ల. నువ్వు సెప్తే నమ్మను."

శేషప్ప వెనుదిరిగాడు. రుమాలు తీయలేదు. నేను ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. మల్లమ్మ పెనం మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన. పొద్దున చల్లిన కళ్లాపి వాసన. అంతే. ఇంకో వాసన ఏదైనా ఉందంటే, అది మా చెప్పులకు అంటుకొని మాతోపాటు వచ్చిందే.