లంగిత్‌లో జరిగిన నేరం

మా భాషలో లంగిత్ అంటే ఆకాశం. పోయినవాళ్లు చేరే స్వర్గం కూడా లంగిత్తే. రెండింటికీ ఒకే మాట పెట్టిన పెద్దలు, అక్కడికి జీతానికి వెళ్లేవాళ్లు కూడా పుడతారని అనుకుని ఉండరు.

నా మనవరాలు నింగ్ వెళ్లింది. భూమి చుట్టూ తిరిగే విడిదిలో వంట పని. తల్లి లేని పిల్ల, నా చేతి అడోబో కూర తిని పెరిగింది. అక్కడి డబ్బున్నవాళ్లకు అదే వండిపెట్టానని ఫోనులో మురిసిపోయేది. ఒక అతిథి దాని గొంతు నులిమి చంపాడు. రెండు దేశాల గదులు కలిసే తలుపు దగ్గర. ఆ తలుపు మాది కాదంటే మాది కాదని ఆ రెండు దేశాలూ తప్పుకున్నాయి. వాడిది మూడో దేశం. దిగి, హాయిగా ఇంటికి పోయాడు.

తొమ్మిదినాళ్ల ప్రార్థనలు అయ్యాక ఠాణాకు వెళ్లాను. సార్జెంటు దోదోంగ్ మా వీధివాడే.

"ఎక్కడ జరిగింది లోలా?" అన్నాడు. ఇక్కడ ముసలమ్మలందరం లోలాలమే.

"లంగిత్‌లో."

కలం ఆగింది. వెనక బల్ల దగ్గరివాడు సిలువ గుర్తు వేసుకున్నాడు.

"అక్కడ కూడా కొట్టుకుంటారా లోలా? అయితే నేను రాను" అని నవ్వాడు దోదోంగ్.

"నవ్వింది చాల్లే. నువ్వు చొక్కాకి ముక్కు తుడుచుకునేప్పటి నుంచీ ఎరుగుదును నిన్ను. రాకెట్టు వెళ్లే లంగిత్‌రా."

నవ్వు పోయింది. పెద్దాఫీసుకు ఫోను చేసి, చాలాసేపు "అవును సార్" అంటూ ఉండిపోయాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పైన చంపితే పట్టుకునే చట్టం మనకి లేదట లోలా. దేశాలన్నీ కలిసి ఒక కోర్టు పెట్టుకోవాలట. ఇంకా పెట్టుకోలేదట." గొంతు తగ్గించాడు. "సముద్రం మీద, ఓడలో అని రాసేదా? తాతకి జరిగింది కదా న్యాయం."

నిజమే. మా ఆయన్ని ఓడలో పొడిచినప్పుడు, ఆ ఓడ మీద ఎగిరే జెండా ఎవరిదో ఆ దేశమే విచారించి, పొడిచినవాణ్ణి జైల్లో పెట్టింది.

"వద్దు నాయనా. పడవెక్కితే దానికి వాంతులు. పైకెళ్లానన్నదే దాని గొప్పంతా. చచ్చాక ఆ చోటు కూడా మార్చమంటావా?"

దోదోంగ్ కాగితం పక్కన పెట్టేశాడు. నన్ను చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టాడు.

సాయంత్రం పక్కింటి పసింగ్ వేడివేడిగా బియ్యప్పిండి రొట్టె, బిబింగ్కా తెచ్చింది. "ఏడవకు. నింగ్ ఇప్పుడు లంగిత్‌లో చల్లగా ఉంది" అంది. అందరూ అదే అంటారు. అవునని పళ్లెం అందుకున్నాను.

ఆమె వెళ్లాక మెట్ల మీద కూర్చున్నాను. మసక పడుతుండగా కొబ్బరిచెట్ల మీదుగా విడిది చిన్న దీపంలా వచ్చింది. ఇప్పుడక్కడ ఇంకెవరి పిల్లో వండుతూ ఉంటుంది. అది సముద్రం దాటేదాకా చూస్తూ ఉన్నాను. బిబింగ్కా చల్లారిపోయింది.