ఏడో జత

చదవకుండా సంతకం పెట్టడం డాక్టర్ రోహిణికి చాలా ఏళ్ళ కిందటే అలవాటైంది. ఐటీ ఆఫీసుల మధ్య ఉన్న ఆ కార్పొరేట్ ఆస్పత్రిలో ఆమె సర్జరీ విభాగానికి పెద్ద. సర్జన్లు కాబోయే పీజీ డాక్టర్ల శిక్షణ కూడా ఆమె నెత్తినే ఉంది. కత్తి పట్టుకుంటే ఆమెకు తిరుగు లేదు. కాగితం చూస్తే మాత్రం నిద్ర ముంచుకొచ్చేది. ఆఫీసు నుంచి ఫైలు వస్తే ఎడమచేత్తో ఇడ్లీ తింటూ కుడిచేత్తో సంతకం గిలికి పంపేసేది.

గురువారం మధ్యాహ్నం ఆ అలవాటు కొంప ముంచింది.

మర్నాడు పరీక్షల బోర్డు నుంచి తనిఖీకి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఆయన ఒప్పుకుంటేనే ఫైనలియర్ వాళ్ళు పరీక్షకు కూర్చుంటారు. ఫైళ్ళు సర్దుతుంటే హాజరు పట్టిక రోహిణి కంటబడింది. ఆకాష్‌కు నూటికి తొంభై ఎనిమిది. ప్రవళికకు నలభై ఒకటి. ఎనభై లేకపోతే పరీక్ష లేదు.

రోహిణి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అంకెలు మారలేదు. ప్రవళిక పొద్దున ఆరింటికే వచ్చే పిల్ల. మూడేళ్ళలో నాలుగంటే నాలుగు రోజులు సెలవు పెట్టింది. అదీ డెంగీ వచ్చి, ఇదే ఆస్పత్రిలో మంచం మీద పడుకుని. ఇక ఆకాష్ సంగతి వేరు. అతన్ని పట్టుకోవాలంటే ఫోను చేసి లాభం లేదు, కిందికెళ్ళి కాఫీ షాపులో వెతకాలి.

హెచ్చార్ మేనేజర్ శేఖర్‌ను పిలిపించింది. శేఖర్ పదేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసి వచ్చినవాడు. ఆస్పత్రిని కూడా ఒక ప్రాజెక్టులాగే చూస్తాడు.

"మొహం చూసి హాజరేసే మిషన్ మేడమ్. తప్పు పోదు" అన్నాడు ధీమాగా. "ఎనిమిదీ ముప్పావు నుంచి తొమ్మిదింబావు లోపల, లాబీలో, మాస్కు తీసి నిలబడాలి."

ఆ మిషనును కాఫీ షాపు పక్కనే గోడకు బిగించారు. ఆకాష్ రోజూ తొమ్మిదింటికి కాఫీ తాగేది సరిగ్గా దాని ఎదురుగానే. అతను వద్దనుకున్నా అది హాజరు వేసేస్తుంది.

"ఆ టైముకు ప్రవళిక చేతుల్లో పేషెంటు పేగులుంటాయయ్యా! వాటిని వదిలేసి వచ్చి నీ మిషనుకు మొహం చూపించాలా?"

"దానికి ఎక్సెప్షన్ రిక్వెస్ట్ పెట్టాలి మేడమ్. ప్రతి నెలా హాజరు లిస్టు మీకే పంపాం. మీరు అప్రూవ్ చేశారు."

శేఖర్ ఫైలు తిప్పి చూపించాడు. ముప్ఫై రెండు నెలలు, ముప్ఫై రెండు సంతకాలు. ఒకదాని మీద సాంబారు మరక కూడా ఉంది.

ఆ పిల్ల ఆస్పత్రిలోనే ఉందని రుజువు చేయాలి. రోహిణి ఆపరేషన్ రిజిస్టరు తెప్పించింది. అందులో ప్రతి రోజూ 'డాక్టర్ రోహిణి అండ్ టీమ్' అని ఉంది. ఆ టీమ్ ఎవరో ఒక్కచోటా రాయలేదు. పీజీల లాగ్‌బుక్కులు తీసింది. అన్నిటి మీదా తన సంతకమే, మొన్న ఆదివారం ఒకే విడతలో చేసింది, ఇంకు కూడా ఒకటే. సీసీ కెమెరాలో నెలకు మించి ఏదీ నిలవదట.

ప్రవళికను పిలిచి విషయం చెప్పింది. ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది రోహిణికి.

"నేను రాలేదంటదా మేడమ్, ఆ మిషను?" అంది నెమ్మదిగా. "మా నాన్నకు ఏమని చెప్పాలె? గచ్చిబౌలిల ఆఫీసు గేటుకాడ వచ్చేటోళ్ళ, పోయేటోళ్ళ పేర్లు రాసుడే ఆయన డ్యూటీ. నా బిడ్డ పేరే లేదా అంటడు."

"తప్పు నాది తల్లీ. మిషనుది కాదు" అంది రోహిణి.

ప్రవళిక థియేటరు వైపు చూపించింది. "నా పేరు ఐలయ్య కాడ ఉంటది మేడమ్. రోజూ రాయించుకుంటడు."

ఐలయ్యది ఆపరేషన్ థియేటరు బయట బట్టల కిటికీ. లోపలికి వెళ్ళే డాక్టర్లకు ఉతికిన పచ్చబట్టల జత ఇచ్చేదీ, విడిచినవి తీసుకునేదీ అతనే. మూడేళ్ళ కింద పచ్చజతలు కట్టలకు కట్టలు మాయమయ్యాయి. పీజీలు వాటిని హాస్టలుకు తీసుకుపోయి, వేసుకుని పడుకునేవాళ్ళు. అప్పటి నుంచి ఐలయ్య ఎవరూ చెప్పకుండానే ఒక పుస్తకం పెట్టాడు. పేరు, తీసుకున్న టైము, తిరిగిచ్చిన టైము, సంతకం. పాతది ఇవ్వనిదే కొత్తది లేదు. ఐసీయూ డ్యూటీకైనా, వార్డుకైనా పీజీలు ఆ కిటికీ దాటి వెళ్ళాల్సిందే.

రోహిణి అక్కడే స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పింది. ప్రవళిక, ఆరూ పది. ప్రవళిక, ఆరూ ఐదు. మధ్యలో నాలుగు రోజులు ఖాళీ. మళ్ళీ ప్రవళిక, ఆరు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఐలయ్యా, రేపు పెద్దసారుకు ఈ పుస్తకం చూపిస్తాను."

ఐలయ్య గొంతు తగ్గించాడు. "చూపియ్యున్రి మేడం. గని ఇందుల మీయి ఏడు జతలున్నయి. వాపస్ రాలే. పీజీలనైతే ఆపుతగని మిమ్మల్నెట్ల ఆపుత? రాసుకుంటనైతే ఉన్న."

రోహిణి కంగారుగా అటూ ఇటూ చూసింది. క్రమశిక్షణ మీద ప్రతి సోమవారం పీజీలకు గంటసేపు క్లాసు పీకేది తనే.

"మీ ఇజ్జత్ పోవద్దు. వచ్చినయని ఇప్పుడే రాస్త, ఫికర్ చేయకున్రి" అన్నాడు ఐలయ్య. పెన్ను మూత తీసేశాడు కూడా.

రోహిణికి ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధమే. కానీ ఏడు పద్దులు దొంగవైతే, ప్రవళిక పేరున్న వేయి పద్దుల్ని ఎవరు నమ్ముతారు?

"వద్దు. ఉన్నదున్నట్టే ఉండనీ."

సాయంత్రం పుప్పాలగూడలోని అపార్ట్‌మెంటుకు చేరేసరికి ఆమె భర్త మధు వీడియో కాల్‌లో ఉన్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పచ్చ ప్యాంటు. ఐలయ్య పుస్తకంలో నాలుగో జత.

"అది విప్పు" అంది రోహిణి.

మధు గబుక్కున మైకు ఆపాడు. "క్లయింట్లున్నారు!"

"క్లయింట్లకు నడుము కింద కనపడదు. విప్పు."

మధు కూర్చున్నచోటే తంటాలు పడి విప్పి ఇచ్చాడు. అలమరాలు, మంచం కింద, కారు డిక్కీ వెతికితే ఇంకో ఐదు జతలు తేలాయి. ఏడోది బాల్కనీలో దొరికింది. పనిమనిషి రేఖ దాన్ని నాలుగు ముక్కలు చేసి ఇల్లు తుడుస్తోంది.

శుక్రవారం బోర్డు నుంచి డాక్టర్ లక్ష్మీనారాయణ వచ్చారు. కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం సూది. లాగ్‌బుక్కులు రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు.

"ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నానండి వీటిని. ఎక్కడికెళ్ళినా మొన్న ఆదివారం రాసినవే ఉంటాయి."

రోహిణి ఉన్నదంతా చెప్పేసి, ఐలయ్య పుస్తకం ముందు పెట్టింది. టీ మరకలు, రకరకాల ఇంకులు, హడావిడి సంతకాలు. ఆయన ఒక్కో పేజీ ఓపిగ్గా చదివారు. ఉన్నట్టుండి ఆగారు.

"డాక్టర్ రోహిణి, రాలేదు. మళ్ళీ డాక్టర్ రోహిణి, రాలేదు. ఇదేంటండీ?"

"నా బట్టలే సర్. ఆరు జతలు పొద్దున్నే ఇచ్చేశాను. ఏడోది మా ఇల్లు తుడుస్తోంది."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. గదిలో ఉన్న శేఖర్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఇది దొంగ పుస్తకమైతే ముందు మీ పేరు తీసేసేవారు కదండీ" అన్నారు కళ్ళు తుడుచుకుని. "ఆ అమ్మాయి పరీక్ష రాస్తుంది. హాజరు నేను సరిచేయిస్తాను. అన్నట్టు, ఈ తొంభై ఎనిమిది శాతం బాబు పేరు ఇందులో నెలకు నాలుగుసార్లు కూడా లేదేంటండీ? ఇంకో ఆరు నెలలు ఈ కిటికీ దగ్గరికి రోజూ రమ్మనండి. పరీక్ష ఆ తరవాత చూద్దాం."

బతికిపోయామన్న సంతోషంలో రోహిణి సోమవారం ఒక ఆర్డరు తీసింది. ఇకమీదట పీజీల హాజరుకు ఐలయ్య పుస్తకమే ఆధారం. పాత జత తిరిగి ఇవ్వనివారికి, హోదాతో నిమిత్తం లేకుండా, కొత్త జత ఇవ్వరాదు. ఈసారి చదవాల్సిన పని కూడా లేదు, రాసింది తనే.

మంగళవారం పొద్దున అపెండిక్స్ పగిలిన పేషెంటు వచ్చాడు. రోహిణి పరుగున వచ్చి కిటికీలో చెయ్యి పెట్టింది. ఐలయ్య బట్టలివ్వలేదు. అద్దానికి అంటించిన ఆర్డరు వైపు చూశాడు.

"ఏడో జత రావాలె మేడం."

"అది గుడ్డపేలికలైందని చెప్పాను కదయ్యా!"

"చెప్పిన్రు. గని ఆర్డర్ల పేలికల ముచ్చట లేదు."

వెనక వరసలో పీజీలు. అందరికంటే ముందు ఆకాష్, ఆరింటికే వచ్చి నిలబడ్డాడు. అతను దగ్గాడు. రోహిణి మొహం కందగడ్డ అయింది.

రాత్రి డ్యూటీ ముగించి, తన జత అప్పజెప్పి ఇంటికి బయల్దేరిన ప్రవళిక ఆగింది.

"నా పేరు మీద రాయి ఐలయ్యా. మేడంకు ఇయ్యి."

ఐలయ్య సంబరంగా పుస్తకం తెరిచాడు. "నీకేంది బిడ్డా, మూడేండ్లల్ల ఒక్కటి బాకీ లేదు." టైము వేసి, పుస్తకం రోహిణి వైపు తిప్పాడు.

"సాయంత్రం లోపట ఇయ్యాలె మేడమ్" అంది ప్రవళిక, బ్యాగు భుజానికేసుకుంటూ. "లేకుంటే నా హాజరు ఖరాబైతది."

రోహిణి పెన్ను తీసుకుంది. ప్రవళిక, ఆరూ నలభై, ఒక జత. సిగ్గూ, ఆ పిల్ల మీద ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ పద్దును మొదటి నుంచి చివరి దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టింది.