ఆలస్యంగా లేచే గీత

పంజరంలో చెయ్యి పెట్టగానే చిలుక ఎప్పటిలాగే చిన్నరాములు బొటనవేలిని కసిగా కొరికింది.

"కొరుకు కొరుకు! మీ తాతలను తోలినోణ్ణి గదా!"

నిజమే. పటాన్‌చెరు చేలలో జొన్న కంకుల మీద వాలే చిలుకలను వడిసెల రాళ్లతో తోలుతూ పెరిగినవాడు. ఇప్పుడు పంటల పరిశోధన కేంద్రంలో వాటికే గింజలు పోస్తున్నాడు. ఏ చప్పుడు వింటే చిలుకలు చేను విడిచిపోతాయో కనిపెట్టాలని అక్కడి కాశీనాథ్ సారు పట్టుదల.

సారు సూది వేశాడు. మత్తుకు చిలుక మెడ వాలిపోయింది. చిన్నరాములు దాన్ని దూది మీద పడుకోబెట్టి గుడ్డ కప్పాడు. సారు చెవి దగ్గరి ఈకలు తొలగించి వెంట్రుకంత తీగ ఆనించాడు. పక్కనున్న పెట్టెలోంచి టిక్కుమని చప్పుడైంది. ఆ తీగ తగిలించిన యంత్రం అద్దం మీద పచ్చని గీత ఎగిరిపడింది.

ఏళ్లుగా ఆ గీతను చూస్తూనే ఉన్నాడు. కరెంటు వేషాలులే అనుకునేవాడు. ఇవాళ మాత్రం చూపు తిప్పుకోలేకపోయాడు. వాకిట్లో కూలినప్పటి నుంచి భార్య ముత్యమ్మ సంగారెడ్డి దవాఖానలో ఇట్లాగే స్పృహ లేకుండా పడి ఉంది మరి.

"సారూ, గిది సోయి లేకుంట పండుకున్నది గదా! గీత ఎందుకు దుంకుతున్నది?"

"చెవి పండుకోలేదు రాములూ." సారు ఇంకొంచెం మత్తు ఎక్కించాడు. ఈసారి చప్పుడయ్యాక కాస్త ఆగి గీత లేచింది. "సూసినవా? జెర లేటుగ వస్తది, చిన్నగ వస్తది. కాని వస్తది. దానికి సమజైతదో లేదో మాత్రం నేను చెప్పలేను."

చిన్నరాములు గీతకేసి వంగి చూశాడు. అబ్బ, ఎంత చిత్రం! ఇల్లంతా నిద్రపోతుంటే ఒకరు మాత్రం గడప దగ్గర మేల్కొని కూర్చున్నట్టే ఉంది. మధ్యాహ్నానికి చిలుక కళ్లు తెరిచి మళ్లీ వేలు కొరికింది. అతను సెలవు అడిగి సంగారెడ్డి బస్సెక్కాడు.

ముత్యమ్మ చెల్లెలు పుష్పమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. "గట్లనే ఉన్నది బావా. పిలిచి పిలిచి నా గొంతు పోయింది."

అతను వంగి, "ఇనవడ్తదా?" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమెను పిలిచిన పిలుపు అదే. అన్నం పెట్టమన్నా అదే, బర్రెను కట్టెయ్యమన్నా అదే. పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే ఊరు నవ్వుతుందని ఇన్నేళ్లూ ఆమె పేరే నోట రానివ్వలేదు. ఆ పిలుపు చిలుకకు వినిపించిన టిక్కు చప్పుడంత కూడా లేదనిపించి సిగ్గేసింది.

ఆమె చెవికి నోరు ఆనించాడు.

"ముత్యా!"

పుష్పమ్మ తల తిప్పుకుంది. ఏమీ లేదు. అతను ఆమె వైపు చెవి పెట్టి కాచుకున్నాడు. చాలాసేపటికి, ఇనుప మంచం పట్టీకి ఆమె చేతి గాజు తగిలి సన్నగా మోగింది.

"ఇన్నది! పుష్పా, ఇన్నది!" ఏడుస్తూ నవ్వాడు. మళ్లీ పిలిచాడు, మళ్లీ మళ్లీ పిలిచాడు.

దీపాలు పెట్టే వేళకు నర్సు వచ్చి నాడి చూసింది. కళ్ల మీద వెలుగు వేసి చూసింది. దుప్పటి ముఖం మీదికి లాగబోయింది.

"జెర ఆగమ్మా," అన్నాడు చిన్నరాములు, "లేటుగ వస్తది."

నర్సు ఆగింది. మంచం పట్టీకి ఆనుకొని పచ్చని మట్టిగాజు కదలకుండా ఉంది.