డ్రోన్ లోంచి పిలిచాను

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, తలుపు తీసేసరికి పాప బండి అక్కడ లేకపోవడం. పోయిన మంగళవారం అదే జరిగింది.

డెన్మార్క్‌లో మేమంతా పసిపిల్లల్ని పగలు ఆరుబయటే పడుకోబెడతాం, మంచు కురుస్తున్నా సరే. మా పాప ఎల్లెన్‌ని బండిలో వేసి, మందపాటి దుప్పటి కప్పి, వంటింటి కిటికీ కింద ఉంచాను. బట్టలు మడతపెట్టి వచ్చేసరికి బండి లేదు. పక్కింటి తోర్కిల్ తాత తలుపు బార్లా తీసి ఉంది, ఆయనా లేడు. ఈమధ్య ఆయనకి మతిమరుపు ముదిరింది, ఒక్కోసారి నన్నే కూతురనుకుంటాడు. దారిలో చాలామంది ఆయన్ని చూశారట. బండి తోసుకెళ్లే తాతని ఎవరు ఆపుతారు? పాప లేస్తుందేమోనని గొంతు తగ్గించి పలకరించి పోయారు.

పోలీసులు వచ్చారు. బిర్గిట అనే ఆవిడ మా పెరట్లోంచే డ్రోన్ లేపింది. బడి మధ్యలో మానేసినదాన్ని, దాని కెమెరా తెర చూస్తే నాకేం తెలుస్తుందనుకున్నాను. వేడి ఉన్నచోట తెల్లగా కనిపిస్తుందని చెప్పింది. రెల్లు దుబ్బుల్లో కుందేలొకటి తెల్లగా పరిగెత్తింది. ఆ తర్వాత, పడవలు కట్టే చెక్కవంతెన చివర, ఒక మనిషి. పక్కన బండి నల్లగా ఉంది.

అంటే పాప ఒళ్లు చల్లబడిపోయిందా అని అడిగాను. టాపు కింద వేడి పైకి కనబడదమ్మా, అప్పుడే బెంగపడకు అంది బిర్గిట. పోలీసులు అటు బయల్దేరారు గానీ, ఆయన ఒక్క అడుగు అటు వేస్తే నీళ్లే. డ్రోన్‌కి మైకుంది. పోలీసు గొంతైతే బెదురుతాడు, నువ్వే పిలువు అంది.

ఏం తోచక, రోజూ అనేదే అన్నాను.

"తాతా, కాఫీ చల్లారిపోతోంది. ఎంతసేపు తిరుగుతావు? ఇంటికి రా."

తెల్లటి ఆకారం తల పైకెత్తింది. ఆకాశానికి చెయ్యూపి, బండి వెనక్కి తిప్పింది. డ్రోన్ ముందు మెల్లగా, వెనక ఆయన.

ఎదురు పరిగెత్తాను. దుప్పటి మీద ఆయన కోటు కూడా కప్పి ఉంది. దాని కింద ఎల్లెన్ వెచ్చగా, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆయన ఒట్టి చొక్కాతో వణుకుతున్నాడు.

"పైకెక్కి అరవడమేంటే? పిల్ల లేచిపోదూ," అన్నాడు.

తిట్టాలనే వెళ్లాను. కానీ ఆయన చేతులు రుద్దుతూ నిలబడ్డాను.

ఇప్పుడు గేటుకి గొళ్లెం పెడుతున్నాను. గురువారం పాపకి టీకా, ఆ పూట ఇంట్లో ఉండను. మీరెవరైనా రేవు దారిన వెళ్తే, మా పక్కనే తాత ఇంటి నీలం తలుపు ఒకసారి తట్టండి. లోపలికి రమ్మంటాడు. వెళ్లి, పొయ్యి ఆర్పాడో లేదో చూడండి.