హైమావతి కూర్చున్న పెట్టె

నేను ఒక టీకాల పెట్టెను. నీలం ప్లాస్టిక్ ఒళ్లు, లోపల నాలుగు మంచు పలకలు, భుజానికి తగిలించుకునే పట్టీ. ఫ్యాక్టరీలో నాకు నేర్పింది ఒక్కటే, చల్లగా ఉండడం. మనుషులకు అది ఎవరూ నేర్పినట్లు లేదు.

మొదట నన్ను మోసిన నర్సు బదిలీ మీద వెళ్తూ కొత్తగా వచ్చిన నర్సు హైమావతికి అప్పగించింది. ఈమె రోజూ నన్ను కడిగి, తుడిచి, మూత తెరిచి ఆరబెట్టేది.

ఆ ఆషాఢంలో పైవీధిలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ల ట్యాంకు ఉన్నది కిందివీధిలో. రెండు వీధులకూ పాత పగ. కిందివీధివాళ్లు ట్యాంకులో విషం కలిపారన్న మాట మధ్యాహ్నానికల్లా పైవీధివాళ్ల చేత కర్రలు పట్టించింది. అందరికంటే ముందు వీరాంజనేయులు. అతని మనవరాలు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది.

హైమావతి నన్ను కిందివీధికి వెళ్లే సందుకు అడ్డంగా పెట్టి నామీద కూర్చుంది. నా మూత చిట్లింది.

"లెగు నర్సమ్మా. నీకెందుకీ గొడవ?" అన్నాడు వీరాంజనేయులు.

"ఆ నీళ్లే కిందివీధోళ్లూ తాగుతున్నారు గదా బాబాయ్. వాళ్లకేం కాలేదే."

"వాళ్లకి తెలుసు గనక తాగుండరు."

"పొద్దున కిందివీధి దానమ్మ ఇంట్లో నేనూ ఆ నీళ్లే తాగి వచ్చా. నాకూ ముందే చెప్పారంటావా?"

వెనక ఎవరో నవ్వారు.

"ఒక్క గంట ఆగు. ఆపైన నేనే లేస్తా."

పైవీధికి ధార సన్నం. అందుకని అక్కడివాళ్లు కుళాయి ఊడదీసి, గొట్టం కింద గుంత తవ్వి బిందె దించుతారు. జబ్బుపడ్డ ఇళ్లన్నీ వీరాంజనేయులు ఇల్లూ, ఆ గొట్టం మీద దాని తర్వాతివేనని హైమావతి అప్పటికే గమనించింది. నన్ను భుజాన వేసుకుని అందరినీ అక్కడికి తీసుకెళ్లింది. అతని గుంతలో గొట్టం మూతి మురుగులో మునిగి ఉంది. అందులో బట్టల నీలిమందు వంపి, ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఆపించింది. ఖాళీ అవుతున్న గొట్టం ఆ గుంత నీళ్లను గుటగుటా లోపలికి లాగేసింది. మళ్లీ నీళ్లు వదిలారు. పక్కింటి బిందెలో నీలం నీళ్లు పడ్డాయి.

వీరాంజనేయులు కర్ర గోడకు ఆనించాడు.

"పారెక్కడ పెట్టావే?" అని భార్యను కేకేశాడు.

"గుంత పూడ్చాక కిందివీధికి రా బాబాయ్. విషం కలపలేదని నీ నోటితోనే చెప్పాలి," అంది హైమావతి.

"నువ్వు చెప్పరాదా?"

"అన్నది నేను కాదుగా."

పొద్దు వాలకముందే వెళ్లాడు, మట్టి చేతులతోనే.

ఇప్పుడు నేను ఆసుపత్రి పాత సామాన్ల గదిలో ఉన్నాను. చిట్లిన మూతతో చల్లదనం నిలవడం లేదట. ఎలా చిట్లిందని పెద్ద డాక్టరు అడిగితే, "కూర్చున్నానండీ," అంది హైమావతి. సర్కారు సామాను మీద కూర్చుంటారా అని ఆయన మందలించాడు. ఆమె తలవంచుకుని విన్నది. ఇంకోసారి కూర్చోనని మాత్రం అనలేదు.