మూలకు ఏసుకున్న పేరు

సూర్యాపేటల రామనర్సయ్య ఫ్లెక్సీ దుకాణం తెల్వనోళ్లు తక్కువ. పెళ్లి గానీ, చావు దినాలు గానీ, లీడర్ బర్త్‌డే గానీ, ఎవల ఫోటో ఏసినా కింది మూలకు "రామనర్సయ్య ఫ్లెక్సీ" అని ఫోన్ నంబరుతోని పడాల్సిందే. ఇరవై ఏండ్ల అలవాటు. వాట్సాప్ వచ్చినంక గా అలవాటు కవితలకు గూడ అంటుకున్నది. ఏదన్నా గ్రూపుల మంచి కవిత కనవడితే సాలు, కింద ఉన్న పేరు కోసేసి, పూల బొమ్మ మీద పెట్టి, మూలకు తన పేరు ఏసి పొద్దుగాల ఆరింటికల్లా పంపుతుండె. నలుగురు "కవిగారూ" అని పిలువవట్టిండ్రు. పదో తరగతి తప్పిన మనిషికి గా పిలుపు ఎంత తియ్యగుంటదో పిలిపించుకున్నోనికే ఎరుక.

గా అలవాటే మెడకు సుట్టుకున్నది.

ఆయన చెల్లె బిడ్డ స్రవంతి కోదాడల ఇంటర్ కాలేజీల ఇంగ్లీష్ చెప్తది. రెండేండ్ల సంది బ్రెజిల్ దేశపు పాత కవి ఒకాయన వెంట పడ్డది. పోర్చుగల్ రాజులు ఆ దేశాన్ని ఏలిన కాలం మనిషి. ఎప్పుడచ్చినా మామ దుకాణంల కూసొని ఆయన ముచ్చటే.

"చదువుకోను సముద్రం దాటి దొరల దేశం పోయిండు మామా. ఆడ ఏర్లు అద్దం లెక్కుంటయి. తిరిగొచ్చి చూస్తే తన ఊరి ఏరు బంగారం తవ్వకాలతోని బురద బురద. సిగ్గయింది. అయినా ఆ బురద ఏటి మీదనే రాసిండు."

"ఆ తర్వాత?"

"రాజు మీద తిరగవడాలని దోస్తులతోని కూడిండు. పట్టుకపోయి జైల్ల ఏసిండ్రు. గట్టిగ అడిగేసరికి భయపడి దోస్తుల పేర్లు చెప్పిండు. జైల్లనే పానం పోయింది."

"ఛీ! గంత రాసినోడు గట్ల దోస్తుల పేర్లు చెప్తడా? ఏం మనిషే!" అన్నడు రామనర్సయ్య.

ఒకనాడు ఆమె ఆ ఏటి కవితను తెలుగు చేసి మామకు పంపింది. "ఎట్లుందో చెప్పు."

*నా ఏరా, నీ నీళ్లల్ల నా మొఖం కనవడదు.*
*అయినా దూపయితే నీ దిక్కే వస్త.*

రామనర్సయ్య పుట్టింది మూసీ పోయి కృష్ణల కలిసే వాడపల్లిల. మూసీ మురికి నీళ్ల వాసన గుర్తొచ్చి సిగ్గయి, ఎవలన్నా మీది ఏ ఊరంటే సూర్యాపేటనే అని చెప్పుకునేటోడు. గా రెండు లైన్లు చదివేసరికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తనే రాసినట్టు అనిపించింది. ఇగ చెయ్యి ఊకుంటదా? "ఏరా" అన్న కాడ "మూసీ" పెట్టిండు, కింద కవి పేరు, స్రవంతి పేరు కోసిండు, మూలకు తన పేరు ఏసి పంపిండు.

రెండు దినాలల్ల కవిత జిల్లా అంత తిరిగింది. మిర్యాలగూడ సాహితీ సంఘం అధ్యక్షుడు, రిటైర్డ్ టీచర్ జగదీశ్ సార్ ఫోన్ చేసి, ఆదివారం శాలువా కప్పుతమన్నడు. గా మంగళారమే మల్ల ఫోన్.

"రామనర్సయ్యగారూ, కోదాడ నుంచి స్రవంతి అనే అమ్మాయి ఇదే కవిత మా పత్రికకు పంపింది. ఎవరో బ్రెజిల్ కవిదని రాసింది. ఏంటిది?"

"మా మేనకోడలే సార్. చిన్నపిల్ల. నా ఫోన్ల చూసి రాసుకున్నట్టుంది. ఏమనకుండ్రి పాపం."

ఫోన్ పెట్టినంక జైల్ల పడ్డ కవి యాదికొచ్చిండు. ఆయనను సిపాయిలు అడిగిండ్రు. తనను ఒక రిటైర్డ్ సారు మెల్లగ, గారూ అని పిలిచి అడిగిండు. గంతే.

శుక్రారం స్రవంతి బస్సు దిగి సీదా దుకాణానికొచ్చింది. కూసోలేదు.

"జగదీశ్ సార్ నీ మాట పట్టుకొని నా కవిత దొంగదని తిప్పి పంపిండు మామా. నా పేరు తీసినవ్, సరే, ఇంటి పిల్లను. ఆ ముసలాయన పేరెందుకు తీసినవ్?"

"అలవాటుల పోయింది బిడ్డా."

"సార్‌కు గూడ అలవాటులనే చెప్పినవా?"

ఆమె ఎనకకు తిరిగి మెట్లు దిగుతుంటే రామనర్సయ్య, "ఆదివారం మిర్యాలగూడ రా బిడ్డా" అన్నడు.

"నీకు శాలువా కప్పుతుంటే చప్పట్లు కొట్టనా?"

"రా. జర రా."

శనారం ఆయన ఏటి కవితతోని పెద్ద ఫ్లెక్సీ కొట్టిండు. నోరు తిరగని ఆ కవి పేరు ఒక్కొక్క అక్షరం చూసి చూసి టైపు చేసిండు. కింద "తెలుగు చేసింది స్రవంతి, కోదాడ" అని ఏసిండు. మూలకు తన పేరు దానంతట అదే వచ్చి కూసున్నది. తీసేసిండు. ఇరవై ఏండ్లల్ల మూల ఖాళీగ పోవుడు అదే మొదలు. గిది చూస్తే అందరికి అర్థమైతదనుకున్నడు, నోరు తెరిచే పని తప్పుతదనుకున్నడు.

ఆదివారం అందరికంటే ముందుగాల పోయి స్టేజీ ఎనక కట్టిండు. సభ మొదలైంది. జగదీశ్ సార్ మైకు అందుకొని ఫ్లెక్సీ దిక్కు చెయ్యి చూపిండు.

"చూడండి ఈయన పెద్ద మనసు! తన కవిత ఎత్తుకున్న పిల్లను కూడా పైకి తీసుకరావాలని, ఆమె చెప్పిన బ్రెజిల్ పేరుతో సహా సొంత ఖర్చుతో ఆమె పేరు వేయించాడు!"

హాలంత చప్పట్లు. ఆఖరి వరుసల స్రవంతి లేచి బ్యాగు భుజానికి ఏసుకున్నది. శాలువా రామనర్సయ్య భుజం మీదికి రానే వచ్చింది.

"ఆగుండ్రి సార్." చెయ్యి అడ్డం పెట్టిండు. మైకు అందుకున్నడు. "పిల్ల దొంగతనం చెయ్యలే. నేను చేసిన. కవిత ఆ బ్రెజిల్ ఆయనది, తెలుగు మా స్రవంతిది. నాది ఒక్క ముక్క లేదు. మీకు ఫోన్ల అబద్ధం చెప్పిన. ఇప్పటిదాంక నేను పంపినయన్ని గిట్లాంటియే."

ఎవడో ఎనకకెల్లి "వాహ్ కవిగారూ!" అన్నడు. నవ్విండ్రు. జగదీశ్ సార్ శాలువా ఏడ పెట్టాల్నో తెల్వక మడత పెట్టుకుంట నిలవడ్డడు. తర్వాత, "అమ్మా స్రవంతీ, నువ్వే చదువు" అన్నడు.

స్రవంతి స్టేజీ ఎక్కుతుంటే రామనర్సయ్య దిగుతున్నడు. మెట్ల కాడ ఎదురైండ్రు. ఆమె మొఖం దిక్కు చూడలే. పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది, గంతే. మైకు ముందల ముందుగాల కవి పేరు చెప్పింది, తర్వాత చదివింది. మూసీ లేదు. ఏరనే చదివింది.

రామనర్సయ్య ఆఖరి కుర్సీల కూసొని ఫోన్ తీసిండు. స్టేజీ మీద చెప్పిన మాటనే గ్రూపులన్నిటికి రాసిండు. పూల బొమ్మ పెట్టలే. పంపే ముందర కింద తన పేరు, ఫోన్ నంబరు ఏసిండు. గిదొక్కటే తను రాసింది.